బోటనీ మేడమ్ రిటైర్మెంటుకు ఇత్తడి తంగేడు కొమ్మ: ఒక కేస్ స్టడీ

రాగి, ఇత్తడి రేకులతో పూలు చేయడం నా పని. ఈ ఆర్డర్ ఒక డిగ్రీ కాలేజీ స్టాఫ్ నుంచి వచ్చింది. వృక్షశాస్త్రం చెప్పే మేడమ్ రిటైర్ అవుతున్నారు. శాలువా, మెమెంటో కాలేజీ తరఫున ఎలాగూ ఉంటాయి. స్టాఫ్ రూమ్ వాళ్లంతా తలా కొంత వేసుకుని, ఆవిడ ఇంట్లో కలకాలం ఉండేలా వేరే ఏదైనా ఇవ్వాలనుకున్నారు. మాట్లాడటానికి వచ్చిన జువాలజీ సార్ మొదట అడిగింది రాగి గులాబీల గుత్తి. నేను ఎక్కువగా చేసేవి అవే కాబట్టి ఆయన చూసినవీ అవే.

"క్లాసులో మేడమ్ ఎక్కువగా ఏ పువ్వు చూపిస్తారు సార్?" అని అడిగాను.

"తంగేడండీ. ఫస్టియర్ పిల్లలతో మొదట అదే తెప్పిస్తరు. గులాబీ ఇస్తే సంతోషపడ్తరు. తంగేడు ఇస్తే మాత్రం ముందుగాల కేసరాలు లెక్కపెడ్తరు."

ఆ మాటతో పని స్వరూపమే మారిపోయింది. గులాబీలో రేకు ఒకటి ఎక్కువైనా తక్కువైనా ఎవరూ పట్టించుకోరు. ముప్పై ఏళ్లు అదే పువ్వును విప్పి చూపించిన మనిషికి తంగేడు ఇవ్వాలంటే లెక్క తప్పకూడదు. పైగా పసుపు పువ్వులూ పచ్చటి ఆకులూ ఒకే కొమ్మకు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, అది మామూలు ఇంట్లో, మామూలుగా ఇత్తడి సామాన్లు తోమే చేతుల మధ్య ఏళ్ల తరబడి నిలవాలి. లోహపు పూలు చేయాలనుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆకారం గురించీ రంగు గురించీ అడుగుతారు. ఆ ఇంట్లో దాన్ని ఎలా తుడుస్తారని అడిగినవాళ్లు దాదాపు లేరు. బహుమతి నిలిచేదైనా పాడయ్యేదైనా అక్కడే. అందుకే ఈ ఒక్క కొమ్మ గురించి వివరంగా రాస్తున్నాను.

పువ్వును చదవడం

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. అది లేకుండా బతుకమ్మ పేర్చరు. రోడ్డు పక్కన రోజూ కనిపించేదే అయినా, విడదీసి చూస్తేగానీ చేతికి అందని సంగతులు దాంట్లో చాలా ఉన్నాయి. ఆకర్షణ పత్రాలు, అంటే పూరేకులు, ఐదు. అన్నీ ఒకే కొలత కావు, ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటుంది. ప్రతి రేకూ మొదట్లో సన్నగా మొదలై పైకి వెడల్పవుతుంది, అంచు ముడతలు ముడతలుగా ఉంటుంది, ఒంటి మీద నారింజ రంగు ఈనెలు కనిపిస్తాయి. కేసరాలు పది. వాటిలో పైన ఉండే మూడు వంధ్య కేసరాలు, అంటే పుప్పొడి పట్టనివి, పొట్టివి. కింది వాటి పరాగకోశాలు (పుప్పొడి తిత్తులు) పొడుగ్గా, వంపు తిరిగి ఉంటాయి.

ఆకు సంగతి ఇంకా సున్నితం. పిచ్ఛాకార సంయుక్త పత్రం, అంటే ఒకే ఈనెకు రెండు వైపులా ఈకలా చిన్న ఆకులు ఉంటాయి. ఆ చిన్న ఆకులే పత్రకాలు, ఎనిమిది నుంచి పన్నెండు జతలు. ప్రతి జతకూ మధ్యన, ఈనె మీద నిలబడిన పుల్లలాంటి చిన్న గ్రంథి ఒకటి ఉంటుంది. ఆకు మొదట్లో చెవి ఆకారంలో పెద్ద పత్రపుచ్ఛాలు ఉంటాయి. సాధారణంగా చూసేవాళ్లకు ఇవేవీ కనిపించవు. మేడమ్‌కు మాత్రం అవి లేకపోతే ఈ కొమ్మ తంగేడే కాదు.

తాజా కొమ్మ తెచ్చి ఒక పువ్వును పూర్తిగా విప్పి, రేకులను పాత నోటుపుస్తకంలో అదిమి, వాటి చుట్టూ గీతగీసి అట్టముక్కలు కత్తిరించుకున్నాను. అసలు కొలతకే చేయాలని నిర్ణయించాను, అంటే పువ్వు అడ్డంగా ఐదు సెంటీమీటర్ల లోపు. పెద్దగా చేస్తే పని తేలికే, కానీ చూడగానే షోకేసు బొమ్మ అనిపిస్తుంది. ఏడు పువ్వులు, కొన్ని మొగ్గలు, నాలుగు ఆకులు, రెండు ఎండుకాయలు అనుకున్నాం. కాయలకు రంగు వేయాల్సిన అవసరమే లేదు. తంగేడు కాయ పలచగా, గోధుమ రంగులో ఉంటుంది. కాల్చి వదిలేసిన రాగి రేకు అచ్చం ఆ రంగులోకే తిరుగుతుంది.

ఏ లోహం, ఎంత మందం

రేకులకు ఇత్తడి, మిగతా అంతటికీ రాగి. హైదరాబాద్ బేగంబజార్ వైపు దుకాణాల్లో రెండూ గేజుల లెక్కన దొరుకుతాయి, గేజ్ అంకె పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది. రేకులకు 28 గేజ్ తీసుకున్నాను, అంటే 0.37 మిల్లీమీటర్ల మందం. 30 గేజ్ వేళ్లతోనే వంగుతుంది, చేసేటప్పుడు ఎంతో హాయిగా ఉంటుంది. కానీ ఇంట్లో తుడిచే గుడ్డకు చిక్కుకుని కూడా అంతే హాయిగా వంగిపోతుంది. 26 గేజ్ గట్టిగా నిలుస్తుంది, అంచు ముడతలు మాత్రం సన్నగా పడవు. 28 గేజులో ఒక పువ్వు ఐదు రేకులూ కలిపి ఆరు గ్రాముల చిల్లర తూగుతాయి. కొమ్మకు 8 గేజ్ రాగి తీగ వాడాను. ఎర్తింగ్ కోసం ఎలక్ట్రికల్ షాపుల్లో అమ్మేదే ఇది. నాలుగు మిల్లీమీటర్ల మందంతో అడుగుకు సుమారు 35 గ్రాముల బరువు ఉంటుంది. చేతిలోకి తీసుకోగానే బహుమతికి ఉండాల్సిన బరువు తెలుస్తుంది.

ఖర్చు తగ్గుతుందని కొందరు కాడలకు హార్డ్‌వేర్ షాపులో దొరికే జీఐ (గాల్వనైజ్డ్ ఐరన్) తీగ వాడతారు. దాని మీద జింక్ పూత ఉంటుంది. గ్యాస్ టార్చ్ మంట తగిలితే తెల్లటి పొగ వస్తుంది. ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. ఇంటి వర్క్‌షాపులో, పిల్లలు తిరిగే చోట ఆ తీగను మంట దగ్గరికి రానివ్వద్దు. ఇత్తడిలోనూ జింక్ ఉంది కాబట్టి దాన్నీ అవసరానికి మించి కాల్చకూడదు, తలుపులు మూసుకుని అసలే కాల్చకూడదు.

ఈ కొమ్మ గురించి ఆలోచిస్తున్న రోజుల్లోనే ఒకావిడ రిపేరుకని ఎగ్జిబిషన్‌లో కొన్న ఇత్తడి పువ్వొకటి తెచ్చారు. రేకులు వంపు తిరిగిన చోటల్లా వెంట్రుకంత సన్నగా చీలికలు. కింద పడలేదు, ఎవరూ వంచలేదు. అద్దాలు తుడిచే ద్రావణంతో ప్రతి వారం తుడిచేవారట. ఆ మాట వినగానే నాకు కారణం చాలావరకు అర్థమైంది. ఇత్తడిని చల్లగా ఉన్నప్పుడు వంచితే, సుత్తితో కొడితే లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. అలాంటి ఇత్తడికి తేమతోపాటు అమ్మోనియా తగిలితే, ఎవరూ ముట్టుకోకపోయినా వంపుల దగ్గర పగుళ్లు వస్తాయి. అద్దాలు తుడిచే ద్రావణాలు చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది.

ఈ జబ్బును మొదట పెద్ద ఎత్తున చూసింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం ఇత్తడి తూటా గొట్టాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెళ్లాక తీసి చూస్తే గొట్టాలు పగిలి ఉండేవి. ఆ కాలంలో వచ్చే పగుళ్లు కాబట్టి దానికి సీజన్ క్రాకింగ్ అనే పేరు స్థిరపడింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఒకవైపు, గొట్టం తయారీలో లోపల మిగిలిన ఒత్తిడి ఇంకోవైపు, రెండూ కలిసి ఆ పని చేస్తున్నాయని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు వివరించారు. మందు కూడా సులువే. ఆకారం వచ్చాక ఇత్తడిని తక్కువ వేడిలో కాసేపు ఉంచితే లోపలి ఒత్తిడి పోతుంది. ఆకారం చెడదు, గట్టిదనమూ పెద్దగా తగ్గదు.

ఇంట్లో పూలు చేసేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తూటా గొట్టంలాగే మన రేకు కూడా చల్లగా వంచిన ఇత్తడే. పైగా రాగి ఆకులకు పచ్చ రంగు తెప్పించడానికి అందరూ మొదట చేసేది, మూత పెట్టిన డబ్బాలో అమ్మోనియా ఆవిరి పట్టడమే. ఇత్తడి పువ్వులున్న కొమ్మను అదే డబ్బాలో పెడితే ఏమవుతుందో ఇక చెప్పక్కర్లేదు.

రేకు తయారీ

ఐదు రేకులను విడివిడిగా కోస్తే బిగించడం కష్టం. ఐదూ ఒకే ముక్కగా కోస్తే ఒకదాని మీద ఇంకోటి ఎక్కినట్టు రాదు. అందుకని మూడు రేకుల ముక్క ఒకటి, రెండు రేకుల ముక్క ఒకటి కోసి, మధ్యలో చిల్లు పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చాను. రేకు కత్తెరతో కోశాక అంచులను సన్న ఆకురాయితో, తర్వాత నీటి కాగితంతో (తడిపి వాడే సన్న గరుకు కాగితం) రుద్దాలి. వేలు అంచు మీద ఎటు జరిపినా గుచ్చుకోకూడదు. బహుమతి అన్నాక చిన్నపిల్లలు పట్టుకోకుండా ఉండరు.

తర్వాత కాల్చి మెత్తబరచాలి. ముక్క మీద పర్మనెంట్ మార్కర్‌తో ఒక గీత గీసి, గది కొంచెం చీకటి చేసి, టార్చ్ మంటను దూరం నుంచి ఆడిస్తాను. గీత చెరిగిపోయి, రేకు మీద మసక ఎరుపు తొంగిచూడగానే మంట తీసేయాలి. రాగినైతే ఆ ఎరుపు మీదే నీళ్లలో వేయొచ్చు. ఇత్తడి విషయంలో ఓపిక పట్టాలి. ఎర్రగా ఉన్నప్పుడు అది పెళుసు, పట్టకారుతో గట్టిగా నొక్కినా విరగొచ్చు, అప్పుడే నీళ్లలో వేస్తే పగలొచ్చు. ఎరుపు పూర్తిగా పోయి నల్లబడ్డాకే నీళ్లలో వేయాలి. పైన పట్టిన నలుపును గోరువెచ్చటి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లు తీసేస్తాయి. ఆ గిన్నెలోకి ఇనుప పట్టకారు పోనివ్వద్దు. ఇనుము తగిలితే నీళ్లలో కరిగిన రాగి ఇత్తడి మీదికి చేరి, పసుపు పువ్వు కాస్తా గులాబీ రంగులోకి తిరుగుతుంది. వెదురు పుల్లలు చాలు.

ఈనెలకు పెంబర్తి పద్ధతి. మా వైపు ఇత్తడి రేకు పని అంటే జనగామ దగ్గరి పెంబర్తి ఊరే, ఆ పనికి 2010లో జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. అక్కడి పనివాళ్లు రేకును లక్క మీద అతికించి, సన్న ఉలులతో కొట్టి బొమ్మ తేలుస్తారు. నేను చెక్కపలక మీద లక్క, గుగ్గిలం, ఇటుక పొడి కలిపిన ముద్ద పరుచుకుంటాను. కొంచెం వేడి చేసి రేకు అతికించి, చల్లారాక మొన మొద్దుగా ఉన్న సన్న ఉలితో మధ్య ఈనె నుంచి బయటికి గీతలు కొట్టాను. లక్క కింద ఆసరాగా ఉంటుంది, కొట్టినంత మేరకే లోపలికి దిగనిస్తుంది. చెక్క మీద కొడితే గీత పక్కన రేకంతా వంగుతుంది, ఇనుము మీద కొడితే గీతే దిగదు. మళ్లీ వేడి చేసి తీశాక, అంటుకున్న లక్కను స్పిరిట్‌తో తుడిచి ఇంకోసారి కాల్చి మెత్తబరిచాను.

అంచు ముడతలకు గుండ్రటి మొన నోస్ ప్లయర్ ఒక్కటే పనిముట్టు. ప్లయర్ మొనతో అంచును మూడు మిల్లీమీటర్ల లోతుకు పట్టి ఒకసారి పైకి, పక్కనే ఇంకోసారి కిందికి తిప్పాలి. కొలత పెట్టుకుని సమానంగా తిప్పితే గౌను కుచ్చుల్లా కనిపిస్తుంది. అసలు రేకులో ముడతలు చివర్లో దట్టంగా, పక్కలకు వచ్చేసరికి పలచగా ఉంటాయి. పక్కన అసలు పువ్వు పెట్టుకుని చూస్తూ తిప్పితేనే ఆ తేడా చేతికి వస్తుంది.

ఆకారం పూర్తయ్యాక లోపలి ఒత్తిడి పోవడానికి రేకులన్నింటినీ ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 250 డిగ్రీల దగ్గర ఓ గంట ఉంచాను. ఇది వంటకు వాడని పాత ఓటీజీ, వర్క్‌షాపు కోసమే పక్కన పెట్టుకున్నది. రేకులు లేత తేనె రంగుకు తిరిగి బయటికి వచ్చాయి. మళ్లీ నిమ్మ ఉప్పు నీళ్లలో వేసి, సన్న పౌడరుతో మెరుగుపెట్టి, అసిటోన్‌తో తుడిచి, వేలు తగలకుండా లాకర్ (రంగులేని వార్నిష్ లాంటిది) స్ప్రే రెండు పూతలు కొట్టాను. నా లెక్కలో ఈ పనంతటిలోనూ ఎక్కువ విలువైన గంట ఓటీజీలో గడిచినదే. చూసేవాళ్లకు అది ఎక్కడా కనిపించదు.

కేసరాలు, ఆకులు

కేసరాలకు 20 గేజ్ రాగి తీగ. టార్చ్ మంటలో నిలువుగా పట్టుకుంటే తీగ కొస కరిగి తనంతట తానే చిన్న గుండులా అవుతుంది. కింది కేసరాలకు ఆ గుండును దాగలి మీద పొడుగ్గా సాగగొట్టి వంచాను. పైన మూడింటిని పొట్టిగా, గుండు లేకుండా వదిలేశాను. పదీ, వాటి మధ్య వంపు తిరిగిన కీలమూ కలిపి చిన్న రాగి బిళ్లకు వెండి టంకంతో, వెలిగారం రాసి అతికాను. వాటిని ముదురు గోధుమ రంగుకు తేవడానికి ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన చాలు. చిదిమి, జిప్ కవర్లో కేసరాలకు తగలకుండా పక్కన పెట్టి మూసేస్తే, దాంట్లోంచి వచ్చే గంధకపు వాసనే రాగిని ముదురు చేస్తుంది. కావలసిన రంగు రాగానే తీసేయాలి.

ఆకులకు పత్రకాలను 30 గేజ్ రాగిలో కోశాను. ఒక్కొక్కదాన్ని మధ్యకు మడిచి తెరిస్తే ఈనె దానంతటదే పడుతుంది. ఆకుకు ఎనిమిది జతల చొప్పున నాలుగు ఆకులకు 64 పత్రకాలు, జతకో గ్రంథికి సన్న తీగ ముక్క. ఓపిక పరీక్ష పెట్టే పని ఇదే, దీని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. ఆకులు, పత్రపుచ్ఛాలు, మొగ్గల కాడలు, పువ్వులు నిలిచే కొసలు అన్నీ కొమ్మకు వెండి టంకంతో అతికాక, రాగి వరకు మంట పని ముగిసింది. ఈ దశలో కొమ్మ మీద ఇత్తడి ముక్క ఒక్కటి కూడా లేదు. అలా ఉండకూడదనే పని వరుస మొత్తం ముందే వేసుకున్నాను.

పచ్చ రంగుకు అమ్మోనియా మానేశాను. ఒకటి ఇత్తడి భయం. రెండోది, ఉప్పుతో కలిసి అది తెచ్చే రంగు నీలానికి దగ్గర, తంగేడు ఆకుకు నప్పదు. రంపపు పొట్టును వెనిగర్, ఉప్పుతో తడిపి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఆకులను దాంట్లో పూడ్చాను. పొట్టు తగిలిన చోట ముదురుగా, తగలని చోట లేతగా, మచ్చలు మచ్చలుగా మట్టి పచ్చ వచ్చింది. చిలుము పట్టిన రాగి అన్నమాట. అది ఒంట్లోకి పోతే విషం, కాబట్టి గ్లవ్స్ వేసుకోవాలి, వంటింటి గిన్నెలు వాడకూడదు. రంగు వచ్చాక నీళ్లతో మెల్లగా కడిగి, ఎండలో బాగా ఆరనిచ్చి, పైన లాకర్ కొట్టాను. లాకర్ పడగానే పచ్చ ఒక మెట్టు ముదురుతుంది. అందుకే డబ్బాలోంచి తీసేటప్పుడే మనకు కావలసినదానికంటే లేతగా ఉండాలి.

చివరికి చల్లగా బిగించడం. కొమ్మ కొసకు రక్షక పత్రాలు (పువ్వు అడుగున రేకులను పట్టి ఉంచేవి), వాటి మీద రేకుల ముక్కలు రెండు, పైన కేసరాల బిళ్ల గుచ్చి, కొస మీద చిన్న సుత్తితో తడుతూ తల పరిచాను. టంకం లేదు, మంట లేదు, రంగులు చెదరలేదు.

తోమడం గురించిన చీటీ

మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చేతులు చింతపండు వైపు పోతాయి. పండగ ముందు పూజ సామాన్లన్నీ ఒకచోట చేరతాయి, చింతపండో పీతాంబరి పొడో రాసి తోముతారు. ఆ వరుసలోకి ఈ కొమ్మ కూడా చేరిందంటే, ఆకుల మీద పచ్చ ఒక్క పూటలో పోతుంది. చింతపండు పులుపు చిలుమును కరిగించేస్తుంది. రేకుల మీద లాకర్ గీతలు పడి, గీతల్లోంచి నలుపు మొదలవుతుంది.

స్టాఫ్ వాళ్లతో దీని మీద చాలాసేపు మాట్లాడాను. లాకర్ లేకుండా ఇచ్చి, ఇత్తడిని దాని మానాన గోధుమ రంగుకు తిరగనివ్వడం ఇంకో దారి. నాకు వ్యక్తిగతంగా అదే ఇష్టం. కానీ తంగేడు పసుపుగా లేకపోతే తంగేడనిపించదని జువాలజీ సార్ అన్నారు, అది న్యాయమే. చివరికి లాకర్ వేసి, పెట్టెలో ఒక చీటీ పెట్టాం: పొడి మెత్తటి గుడ్డతో లేదా పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపాలి, చింతపండు, నిమ్మకాయ, తోమే పొడి, అద్దాలు తుడిచే ద్రావణం వద్దు, బాత్రూమ్‌లో పెట్టొద్దు, ఆకులు ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి. కొమ్మను చిన్న టేకు దిమ్మెలో నిలబెట్టాను. దిమ్మె ఉంటే అది పూజ గదిలోకి కాకుండా హాల్లోకి వెళ్తుంది.

ధర విషయం. రాగి, ఇత్తడి, టంకం, లాకర్ అన్నీ కలిపి రెండు వేల లోపే. తీసుకున్నది దానికి ఆరింతలు. రేటు చెప్పినప్పుడు ఎవరైనా లోహం బరువు లెక్క తీస్తే, నేను ఒక ఆకు చూపించి పత్రకాలు లెక్కపెట్టమంటాను. చేతిపనికి తక్కువ రేటు చెప్పడం మొదలుపెడితే, తర్వాత వచ్చే కుర్రాళ్లు ఈ పనిలో నిలవలేరు.

ఫంక్షన్ రోజున మేడమ్ కేసరాలు లెక్కపెట్టారని, ఆ తర్వాత ఆకు తిప్పి గ్రంథుల కోసం చూశారని సార్ ఫోన్ చేసి చెప్పారు. కాయల్లో గింజల గుర్తులు ఇంకా స్పష్టంగా ఉండాల్సిందని కూడా ఆవిడ అన్నారట. ఏడాది దాటాక వాళ్లింటికి వెళ్లి చూశాను. రేకుల వంపుల దగ్గర భూతద్దం పెట్టి వెతికినా పగులు లేదు. ఆకుల పచ్చ అలాగే ఉంది. అందరూ పట్టుకుని చూసే పై పువ్వు రేకుకు మాత్రం ఒక అంచున లాకర్ అరిగి, ఇత్తడి మసకబారడం మొదలైంది. లాకర్‌కు అది సహజం, ఎప్పటికైనా థిన్నర్‌తో తీసి మళ్లీ వేయాల్సిందే. అయితే తల పరిచి బిగించిన పువ్వును విప్పకుండా రేకులకు మాత్రమే లాకర్ తీయడం చాలా కష్టం, పక్కనే ఉన్న పచ్చ ఆకుల లాకర్ కూడా కరుగుతుంది.

అందుకని ఇప్పుడు చేస్తున్న కొమ్మలకు కొసన తల పరచడం లేదు. రెండు మిల్లీమీటర్ల మర తిప్పి, కేసరాల కింద కనిపించకుండా చిన్న ఇత్తడి నట్టు బిగిస్తున్నాను. నట్టును కూడా రేకులతోపాటు ఓటీజీలో పెడుతున్నాను. పువ్వు ఊడదీసి పంపిస్తే రేకులకు మళ్లీ మెరుగుపెట్టి, లాకర్ వేసి తిరిగి పంపుతానని చీటీలో ఒక వాక్యం చేర్చాను. మేడమ్ కాయల మాట కూడా మనసులో పెట్టుకుని, కాయ రేకును లక్క మీద పెట్టి గింజ గింజకూ వెనక నుంచి ఉబ్బెత్తు కొడుతున్నాను.